మూలనపడిన కంప్యూటరు: మగ్గపు ఇంటికి దాని ఉపయోగములు

ఏ వస్తువునైనను ఊరకే పారవేయుట నేతవానికి అలవాటు లేని పని. తెగిన పోగును అతుకుకొందుము. కండెలో మిగిలిన నూలును మరొక పేకకు దాచుకొందుము. పాత చీర బొంత అగును, బొంత చిరిగినచో మసిగుడ్డ అగును. ఇంత పొదుపు ఎరిగిన మన ఇండ్లలోనే నేడు ఒక వస్తువు మాత్రము దేనికీ కొరగాక దుమ్ము పట్టి మూలన పడియున్నది. అది పాత కంప్యూటరు.

షోలాపూరు, భీవండి, సేలం, కంచి, బళ్ళారి, బరంపురం - మనవారున్న ఏ ఊరికి పోయినను ఈ దృశ్యము సాధారణమే. పిల్లల చదువు కొరకు కొన్నది ఒకటి, జాకార్డు డిజైను గీయుటకు కొన్నది మరొకటి. నాలుగైదేండ్లు పనిచేసి నెమ్మదించినది. క్రొత్తది కొనగానే పాతది అటక ఎక్కినది. పాతసామానువాడు వచ్చి ఇనుము లెక్కన తూచి నాలుగు డబ్బులు చేతిలో పెట్టి తీసుకొనిపోవును. పిమ్మట దాని గతి ఏమగునో ఎవరును విచారింపరు.

నిజమునకు కంప్యూటరు పనిచేయుట మానినను దానిలోని భాగములన్నియు చచ్చిపోవు. గాలిపంకా తిరుగుచునే ఉండును. కరెంటు మార్చు పెట్టె చక్కగా ఉండును. మౌసులోని మీట, ప్రింటరులోని మోటారు మంచి స్థితిలోనే ఉండును. వీటితో మగ్గపు ఇంటికి పనికివచ్చు పరికరములు రెండు మూడు ఎట్లు చేసికొనవచ్చునో ఈ వ్యాసములో వివరింతుము. ఏది ముట్టవచ్చునో, ఏది ముట్టరాదో ముందుగా చెప్పెదము. ఈ విషయములో తెలియక చేసిన సాహసము ప్రాణము మీదికి వచ్చును గనుక ఆ భాగమును తొందరపడక చదువ గోరుచున్నాము.

మగ్గమునకు, కంప్యూటరుకు చుట్టరికము

కంప్యూటరు మనకు పరాయి యంత్రము కాదు. దాని మూలము మగ్గములోనే కలదు. ఫ్రాన్సు దేశములోని లియాన్ నగరమునకు చెందిన జోసెఫ్ మేరీ జాకార్డు 1804లో అట్టల మగ్గమును సిద్ధము చేసినాడు. ఆయనకు ముందు 1725లో బాసిల్ బుషోన్ అనునతడు చిల్లుల కాగితముతో పోగులను ఎత్తు పద్ధతిని కనిపెట్టియుండెను. అట్టలో చిల్లు ఉన్నచోట సూది దూరిపోవును, కొక్కెము లేచును, పడుగు పోగు పైకి వచ్చును. చిల్లు లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, పోగు క్రిందనే ఉండును. చిల్లు ఉన్నది, లేదు - ఈ రెండు మాటలతోనే ఎంతటి డిజైనునైనను చెప్పవచ్చును. 1839లో జాకార్డు బొమ్మనే పట్టుబట్టలో నేసినారు. దానికి ఇంచుమించు 24,000 అట్టలు పట్టినవి.

ఆ నేత బొమ్మ ఒకటి ఇంగ్లండులో చార్లెస్ బాబేజి అను గణితశాస్త్రజ్ఞుని వద్ద ఉండెను. తాను తలపెట్టిన లెక్కల యంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకు ఆయన జాకార్డు అట్టలనే ఎన్నుకొనెను. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలెరిత్ చిల్లుల అట్టలను వాడెను. తరువాత వచ్చిన కంప్యూటరులు చాలాకాలము అట్టలనే చదివినవి. నేటి కంప్యూటరు లోపల అట్టలు లేకున్నను "ఉన్నది, లేదు" అను ఆ రెండు మాటలే నడుచుచున్నవి. కనుక జాకార్డు అట్టలు కుట్టిన చేతులకు కంప్యూటరు మరలు విప్పుటకు బెదురు అక్కరలేదు. జాగ్రత్త మాత్రము అవసరము.

ముట్టరానివి

మొదటిది, పాతకాలపు లావుపాటి గాజు తెర గల మానిటరు. దీని లోపల ఇరవై వేల వోల్టులకు మించిన విద్యుత్తు పుట్టును. ప్లగ్గు తీసివేసిన తరువాత కూడ ఆ గాజు బుడ్డిలో కొంత నిలిచియుండును. గాజులో సీసము కలదు. దీనిని ఏ కారణము చేతను విప్పరాదు.

రెండవది, కరెంటు మార్చు పెట్టె లోపలి భాగము. ఈ పెట్టెను బయటనుండి వాడుకొనవచ్చును గాని మూత తీయరాదు. ఇంటికి వచ్చు 230 వోల్టుల కరెంటు లోపల నేరుకరెంటుగా మారి సుమారు 325 వోల్టులుగా నిలువచేయబడును. నిలువచేయు కెపాసిటరులు ప్లగ్గు తీసిన తరువాతను ఆ బలమును కొంతసేపు పట్టియుంచును. ఆ దెబ్బ తగిలినచో మనిషి చనిపోవచ్చును.

మూడవది, ల్యాప్‌టాపు బ్యాటరీ. దీనిలోని లిథియము గొట్టములను పొడిచినను, నలిపినను, తీగ అడ్డుపడినను మండును. నీళ్ళు చల్లినంత మాత్రమున ఆ మంట సులభముగా ఆరదు. నూలు నిలువయున్న ఇంటిలో దీనిని విప్పుట చిచ్చును ఒడిలో పెట్టుకొనుటయే.

నాలుగవది, సి.డి., డి.వి.డి. పెట్టెలోని లేజరు దీపము. ఇందులో కొన్ని కిరణములు కంటికి కనబడనే కనబడవు గాని కంటిలోని తెరను కాల్చును. కన్నే మన పెట్టుబడి. దానితో ఆట వలదు.

ఐదవది, ప్రధాన పలక మీద నుండు రూపాయి బిళ్ళవంటి చిన్న బ్యాటరీ. పెద్దలకు దీనివలన ప్రమాదము లేదు. చిన్నపిల్లలు మింగినచో మాత్రము గొంతును, అన్నవాహికను గంటల వ్యవధిలో కాల్చివేయును. విప్పగానే దీనిని తీసి పిల్లలకు అందని చోట ఉంచవలెను.

వీటన్నిటికి మించినది మరొకటి. రాగి కొరకు తీగలను మంటలో వేయుట కొన్నిచోట్ల అలవాటుగా ఉన్నది. తీగల మీది ప్లాస్టిక్కు కాలినప్పుడు వచ్చు పొగ ఊపిరితిత్తులకు విషము. ఆ బూడిద నేలలో కలిసి బావినీటికి చేరును. నాలుగు రూపాయల రాగి కొరకు ఈ పని ఎవరును చేయవలదు.

మొదటి పని: మగ్గము మీద చల్లని దీపము

గుంట మగ్గములో కూర్చున్నవారికి వెలుతురు కొరత క్రొత్త సంగతి కాదు. ఇంటి నడుమ ఎత్తున వ్రేలాడు ఒక్క దీపము నేతగాని తల నీడనే బట్టమీద పడవేయును. నల్ల పడుగు, నీలి పడుగు నేయునప్పుడు తెగిన పోగు కనబడక నాలుగంగుళములు నేసిన తరువాత బయటపడును. బట్టలో తప్పు వచ్చిన మజూరీ కోత, కండ్లు మండుట - రెండును మనకే. దీపమును తలపై గాక అచ్చుకు ఎదురుగా, బట్టకు రెండడుగుల ఎత్తున పొడుగునా అమర్చినచో నీడ పడదు.

ఇందుకు బజారులో దొరకు 12 వోల్టుల ఎల్.ఇ.డి. పట్టీ తగినది. నూలు దగ్గరకు 230 వోల్టులు రాకుండ 12 వోల్టులు మాత్రమే వచ్చుట దీనిలోని మేలు. ఆ 12 వోల్టులను ఇచ్చునదే కంప్యూటరులోని కరెంటు పెట్టె. 1995 తరువాత వచ్చిన బల్లమీది కంప్యూటరులలో ఎక్కువగా ఉండునది ఎ.టి.ఎక్స్. అను రకము. దానినుండి వచ్చు తీగల రంగులకు అర్థము కలదు. పసుపు తీగ 12 వోల్టులు. ఎరుపు 5 వోల్టులు. నారింజ 3.3 వోల్టులు. నలుపు అన్నిటికిని తిరుగుదారి. ఊదారంగు తీగలో పెట్టె నిద్రలో ఉన్నప్పుడు కూడ 5 వోల్టులు ఉండును. ఆకుపచ్చ తీగ ఒక్కటే ఉండును. అది పెట్టెను మేలుకొలుపు తీగ.

చేయవలసిన క్రమము ఇది.

1. కంప్యూటరు ప్లగ్గు తీసి, పెట్టెను పట్టియుంచు నాలుగు మరలు విప్పి, తీగలతో సహా బయటికి తీయవలెను. పెట్టె మూత మరలు మాత్రము ముట్టరాదు. కాలిన వాసన ఉన్నను, లోపల ఏదైన గలగలలాడినను, గాలిరంధ్రములలో తుప్పు కనిపించినను ఆ పెట్టె పనికిరాదు.

2. ప్రధాన పలకకు పోవు వెడల్పాటి కొననుండి ఆకుపచ్చ తీగను, దాని ప్రక్క నల్ల తీగను కత్తిరించి, వాటి నడుమ ఒక చిన్న స్విచ్చి పెట్టవలెను. ఈ రెండు తీగలు కలిసినప్పుడే పెట్టె పనిచేయును. ఈ స్విచ్చిలో వచ్చునది కేవలము అయిదు వోల్టులే.

3. మిగిలిన తీగల కొనలు ఒకదానికొకటి తగులకుండ ఒక్కొక్కటిగా టేపు చుట్టి కట్టవలెను.

4. ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, మల్టీమీటరుతో కొలువవలెను. పసుపు, నలుపు మధ్య 11.4 నుండి 12.6 వరకు, ఎరుపు, నలుపు మధ్య 4.75 నుండి 5.25 వరకు ఉండవలెను. ఇంతకు తేడా ఉన్న పెట్టెను వాడరాదు. కొన్ని కంపెనీల పెట్టెలలో రంగుల వరుస వేరుగా ఉండును. కొన్నింటిలో తీగలన్నియు నల్లగానే ఉండును. అట్టివాటిని విడిచిపెట్టుట మేలు.

5. కొన్ని పాత పెట్టెలు కొంత భారము లేనిదే నిలువవు. పంకా ఒక చుట్టు తిరిగి ఆగిపోవుటయే దానికి గుర్తు. అప్పుడు ఎరుపు, నలుపు తీగల మధ్య 10 ఓముల, 10 వాట్ల రెసిస్టరును పెట్టవలెను. అందులో అర ఆంపియరు ప్రవహించి రెండున్నర వాట్ల వేడి పుట్టును. అది చేతికి చురుక్కుమనునంత కాగును గనుక నూలుకు దూరముగా, పెట్టె ఇనుప గోడకు బయట బిగించవలెను.

6. మగ్గమునకు ఒకటిన్నర మీటరు పట్టీ చాలును. మీటరుకు 4.8 వాట్లు తీసికొను పట్టీ అయితే అది సుమారు 7 వాట్లు, అనగా 0.6 ఆంపియరు. పట్టీ మీద గీత గీసియున్నచోటనే కత్తిరించవలెను. కూడిక గుర్తు ఉన్న కొనకు పసుపు, తీసివేత గుర్తు ఉన్న కొనకు నలుపు. తారుమారైనచో వెలుగదు.

7. ప్రతి మగ్గమునకు పోవు పసుపు తీగకు మొదటనే ఒక ఆంపియరు ఫ్యూజు పెట్టవలెను. మోటారు వాహనముల సామాను కొట్టులో ఈ ఫ్యూజులు, వాటి గూళ్ళు దొరకును.

ఈ ఏడవ మాటను చాలమంది లెక్కచేయరు. "పన్నెండు వోల్టులే గదా, షాకు కొట్టదు గదా" అందురు. షాకు కొట్టదు, నిజమే. కాని ఈ పెట్టె 12 వోల్టుల దగ్గర పది ఆంపియరులకు పైగా ఇవ్వగలదు. తీగలు పూర్తిగా కలిసిపోయినచో పెట్టె తానే ఆగిపోవును. అరకొరగా తగిలినప్పుడు మాత్రము ఆగదు. అప్పుడు సన్నని తీగ ఎర్రగా కాలును. మగ్గము మీద, దూలముల మీద పేరుకొనియున్న దూది నుసికి ఆ పాటి నిప్పు చాలును. ఫ్యూజు ఖరీదు కొద్ది రూపాయలు. ఇంటిలోని పడుగు ఖరీదు ఎంతో మీకే తెలియును.

మరొక మాట, ఎర్తు విషయము. పెట్టెకు మూడు కాళ్ళ ప్లగ్గు ఉండుట అలంకారమునకు కాదు. ఎర్తు లేని చోట పెట్టె ఇనుప గోడ మీదికి లోపలి వడపోత భాగముల ద్వారా కొద్దిపాటి కరెంటు చేరును. చేయి పెట్టిన జివ్వుమనును. నల్ల తీగలన్నియు ఆ గోడకే కలిసియుండును గనుక దీపపు తీగలోను ఆ జివ్వు వచ్చును. గుంటలో తడినేల మీద వట్టి కాళ్ళు పెట్టి కూర్చున్న మనకు ఇది మంచిది కాదు. మూడవ కాలుకు ఎర్తు నిజముగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చేత చూపించి, ఆ తరువాతనే ఈ పని మొదలుపెట్టవలెను. పెట్టెను మగ్గము దగ్గర గాక గోడకు, దుమ్ము తక్కువగా ఉన్నచోట, గాలి ఆడునట్లు పెట్టి, నెలకొకసారి ప్లగ్గు తీసి నుసి దులుపవలెను.

లాభనష్టములు కూడ చెప్పవలెను గదా. పెద్ద పెట్టె తన పని తాను చేసికొనుటకే కొన్ని వాట్లు తినును. ఒక్క మగ్గమునకైతే అది దండుగ. అట్టివారు పాత ఇంటర్నెట్టు పెట్టెతో వచ్చిన 12 వోల్టుల, 1 ఆంపియరు అడాప్టరును వాడుకొనుట మేలు. దాని వీపు మీద వోల్టులు, ఆంపియరులు అచ్చువేసి ఉండును. 9 వోల్టులున్నది పనికిరాదు. నాలుగైదు మగ్గములు ఒకేచోట ఉన్నవారికి కరెంటు పెట్టె సరిపోవును. దీనితో 12 వోల్టుల బ్యాటరీని చార్జి చేయ చూడరాదు. అట్టి బ్యాటరీ నిండుటకు పదమూడున్నర వోల్టులకు పైగా కావలెను. ఈ పెట్టె అంత ఇవ్వదు.

రంగు పోల్చుటకు మాత్రము ఈ దీపమును నమ్మరాదు. తెల్లని ఎల్.ఇ.డి. వెలుగులో ఒకటిగా కనిపించిన రెండు ఎరుపులు ఎండలో వేరుగా కనిపించవచ్చును. నూలు కొనునప్పుడు పగటి వెలుగే ప్రమాణము.

కంప్యూటరులోని చిన్న పంకాలను కూడ ఈ పసుపు, నలుపు తీగలకే కలుపుకొనవచ్చును. పంకాకు ఎరుపు, నలుపు, పసుపు మూడు తీగలు ఉన్నచో ఎరుపును పెట్టె పసుపుకు, నలుపును నలుపుకు కలుపవలెను. పంకా పసుపు తీగ చుట్లు తెలుపుటకే గనుక దానిని వదిలివేయవచ్చును. 12 వోల్టులకు బదులు 5 వోల్టులకు కలిపినచో చాలమట్టుకు మెల్లగా తిరుగును. వేసవిలో గుంటలోని కాళ్ళకు ఆ మెల్లని గాలి సుఖమునిచ్చును. మెల్లని గాలికి పోగులు కదలవు.

రెండవ పని: పడుగు చుట్ల లెక్క

డ్రమ్ము మీద పడుగు తోడునప్పుడు చుట్ల లెక్క తప్పుట అందరికిని అనుభవమే. ఉదాహరణకు డ్రమ్ము చుట్టుకొలత రెండున్నర మీటరులు అనుకొందము. 110 మీటరుల పడుగుకు 44 చుట్లు. ఎవరో పలుకరించినారు, ఒక భాగములో 43 చుట్లే పడినవి. ఆ ఒక్క భాగము రెండున్నర మీటరులు పొట్టి అగును. తక్కిన భాగములన్నియు సరిగా ఉన్నను పడుగు మొత్తము పొట్టి భాగము వరకే నేతకు వచ్చును. చివరి చీర చాలదు. నూలు ఇచ్చిన షావుకారు నూలు ఏమైనదని అడుగును. మాటకు మాట పెరుగును. లెక్క యంత్రము చేతికి అప్పగించినచో ఈ తగవు రాదు.

దీనికి కావలసినవి రెండే. ఒకటి పాత మౌసు. రెండు, చవకరకపు లెక్కల యంత్రము, అనగా క్యాలిక్యులేటరు. మౌసు బొత్తాము క్రింద టిక్కుమను చిన్న మీట ఒకటి ఉండును. అది లక్షల నొక్కులకు తట్టుకొనునట్లు చేయబడినది. టంకము కరిగించి దానిని పలకనుండి ఊడదీయవలెను. దానికి మూడు కాళ్ళుండును. మీటరుతో చూచి, నొక్కినప్పుడు మాత్రము కలియు రెండు కాళ్ళను గుర్తుపెట్టుకొనవలెను.

క్యాలిక్యులేటరులో 1, కూడిక, సమానము నొక్కి, ఆ తరువాత సమానము గుర్తునే మరల మరల నొక్కి చూడుడు. ఒక్కొక్క నొక్కుకు ఒకటి చొప్పున పెరిగినచో అది మనకు పనికివచ్చును. కొన్ని యంత్రములలో కూడికను రెండుసార్లు నొక్కవలెను. లెక్క మొదలుపెట్టునప్పటి అంకె ఏదో వ్రాసికొని చివర తీసివేసినచో సరిపోవును.

ఇప్పుడు క్యాలిక్యులేటరు వెనుక మూత విప్పవలెను. సమానము బొత్తాము క్రింద రెండు దువ్వెనలు ఒకదానిలోనొకటి దూర్చినట్లుండు నల్లని గీతలు కనిపించును. బొత్తాము నొక్కినప్పుడు ఆ రెండు గీతలు కలియుటయే యంత్రమునకు సంకేతము. ఆ నల్లపూతకు టంకము అంటదు. గీతలు పోయిన దారిలోని రాగిపై పూతను బ్లేడుతో సున్నితముగా గీకి, ఒక్కొక్కదానికి వెంట్రుకవంటి సన్నని తీగను టంకము పెట్టి, ఆ తీగలను మౌసు మీట రెండు కాళ్ళకు కలుపవలెను. తీగ పొడుగు ఒకటి రెండు మీటరులకు మించకుండుట, మోటారు తీగల ప్రక్కన పోకుండుట మంచిది. పడుగు అట్ట మీద వోల్టుల భయము ఇందులో లేదు. అంతయు ఒకటిన్నర, మూడు వోల్టుల పని.

మీటను డ్రమ్ము చట్రమునకు చిన్న చెక్క మీద బిగించవలెను. ఇరుసు మీద ఒక కొయ్య బొడిపె పెట్టవలెను. బొడిపె నేరుగా మీటను రాచినచో అది త్వరలో చెడిపోవును. నడుమ పలుచని రేకుముక్కను అడ్డము పెట్టినచో బొడిపె రేకును నొక్కును, రేకు మీటను నొక్కును. చుట్టు ఒకటికి టిక్కు ఒకటి.

వాడుకలో రెండు సంగతులు మరువరాదు. పోగు తెగి డ్రమ్మును వెనుకకు త్రిప్పినప్పుడు కూడ యంత్రము ముందుకే లెక్కించును. దానికి వెనుక, ముందు తెలియదు. కనుక బొడిపె మీటను దాటి ఒకసారి వెనుకకు పోయి తిరిగి ముందుకు వచ్చినచో లెక్కలో రెండు తీసివేయవలెను. రెండవది, కొన్ని యంత్రములు కొన్ని నిమిషములు ఊరకున్నచో తమంతట తామే ఆరిపోవును. భోజనమునకు లేచునప్పుడు అంకెను సుద్దతో చట్రము మీద వ్రాసి లేచుట మంచిది.

మూడవ పని: పిల్లల పాఠము

పాత ప్రింటరులో కాగితము నడిపించు మోటారు ఒకటి ఉండును. దానికి నాలుగు గాని అంతకంటె ఎక్కువ గాని తీగలుండును. ఇది మామూలు మోటారువలె గిర్రున తిరుగదు. ఒక్కొక్క సంకేతమునకు ఒక్కొక్క అడుగు చొప్పున కదలును. చుట్టుకు 48 అడుగులు వేయునవి, 200 అడుగులు వేయునవి కలవు. డాబీలో ఒక్కొక్క పేకకు ఒక్కొక్క పట్టీ కదలుటవంటిదే ఇది.

దీని రెండు తీగలకు ఒక చిన్న ఎల్.ఇ.డి.ని కలిపి ఇరుసును వ్రేళ్ళతో గట్టిగా త్రిప్పినచో దీపము మినుకుమినుకుమనును. మొదటి జతకు వెలుగకున్న మరొక జత తీగలను చూడవలెను. కరెంటు ఇచ్చిన మోటారు తిరుగును, మోటారు త్రిప్పిన కరెంటు వచ్చును - ఈ మాట పుస్తకములో చదివిన పిల్లవాడు మరచిపోవును, చేతితో చూచినవాడు మరువడు. మన పిల్లలు బడిలో తమిళములోనో, మరాఠీలోనో, కన్నడములోనో, ఒడియాలోనో ఈ పాఠములు చదువుకొనుచున్నారు. ఇంటిలో తాతగారి ముందు మగ్గము ప్రక్కన తెలుగులో చెప్పుకొనినచో భాషయు నిలుచును, విద్యయు నిలుచును. ఆసక్తి గలవారు ఆపైన 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డుయీనో వంటి చిన్న పలకలతో ఆ మోటారును అడుగులు వేయించుట నేర్చుకొనవచ్చును.

ఇది ఉబుసుపోక పని కాదు. తెలంగాణములోని ఆలేరు ప్రాంతపు నేతకారుడు చింతకింది మల్లేశం కథ మనవారందరు ఎరిగినదే. ఆసు పోయుటలో తల్లి లక్ష్మి భుజము నొప్పితో పడు బాధ చూడలేక, పెద్ద చదువు లేకున్నను, భాగములను ఒక్కొక్కటిగా కూర్చుకొని, 1999 నాటికి ఆయన ఆసు యంత్రమును పూర్తిచేసినాడు. దానికి తల్లి పేరే పెట్టినాడు. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదు ఇచ్చినది. మగ్గపు కష్టము ఎరిగినవానికి మర విప్పుట తెలిసినప్పుడే ఇట్టి యంత్రములు పుట్టును. ఇంజనీరుకు మర తెలియును గాని భుజము నొప్పి తెలియదు.

హార్డుడిస్కును గూర్చి

హార్డుడిస్కు లోపల వంపు తిరిగిన రెండు బలమైన అయస్కాంతములుండును. కర్రకు కట్టి నేల మీద త్రిప్పినచో గుంటలో జారిపడిన గుండుసూదులు, చిన్న మేకులు అంటుకొని వచ్చును. వట్టి కాళ్ళతో తిరుగు ఇంటిలో ఇది మంచి ఉపకారము. ఆ రెండును దగ్గరకు వచ్చినచో వ్రేలి చర్మమును నలుపును. గుండెకు యంత్రము పెట్టించుకొన్నవారి దగ్గరకు తీసికొనిపోరాదు. పగిలిన ముక్కలు పిల్లల నోటికి అందరాదు.

అయితే డిస్కును విప్పుటకు ముందు అందులో ఏమున్నదో తలచుకొనవలెను. బ్యాంకు కాగితములు, ఇంటి ఫోటోలు, అన్నిటికి మించి మన డిజైనులు అందులో ఉండవచ్చును. కంప్యూటరులో చెరిపివేసినంత మాత్రమున అవి పోవు. తెలిసినవారు మరల బయటికి తీయగలరు. కావలసినవి వేరొకచోటికి ఎక్కించుకొని, లోపలి పళ్ళెమును గీకి పాడుచేసిన తరువాతనే పారవేయవలెను. ల్యాప్‌టాపు డిస్కులలో పళ్ళెము తరచు గాజుతో చేసినదై ఉండును గనుక వంచరాదు, ముక్కలు చిమ్మును. పాతసామానువానికి మొత్తముగా అమ్మునప్పుడు కూడ డిస్కును తీసి ఉంచుకొనుట తెలివి. ఏండ్ల తరబడి గీసిన డిజైనులను ఇనుము ధరకు అమ్ముకొనరాదు గదా.

మిగిలిన సామాను

వాడుకొనగా మిగిలిన పలకలు, తీగలు, గాజు తెరలు చెత్తకుప్పలో వేయరాదు, కాలువలో వేయరాదు, కాల్చరాదు. 2022లో చేసిన ఇ-వ్యర్థముల నియమములు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. ఆ నియమముల ప్రకారము వీటిని రిజిస్టరు చేసికొన్న రీసైక్లింగు సంస్థలకు చేరవేయవలెను. ఒక్క ఇంటివారు ఒక్క పలక కొరకు అంత దూరము పోలేరు. వీధికి ఒక గోనెసంచి పెట్టి పది ఇండ్ల సామాను ఒకచోట చేర్చి, ఏడాదికొకసారి పంపుట సులువు. ఆ సంచిలో చేరకముందే పంకాలు, మీటలు, మోటారులు, మంచి తీగలు తీసి ఒక పెట్టెలో ఉంచినచో కావలసిన పిల్లలు వచ్చి తీసికొనగలరు. మల్టీమీటరు, టంకపు కడ్డీ, మరలు విప్పు పుల్లలు - ఈ మూడింటిని నలుగురు కలిసి కొనుక్కొనినచో ఎవరికిని భారము కాదు.

పని మొదలుపెట్టువారు మౌసు మీటతో మొదలుపెట్టుట మంచిది. అందులో ప్రమాదము లేదు, ఖర్చు లేదు. అది కుదిరిన పిమ్మట అడాప్టరు దీపము, ఆ తరువాత, ఎర్తు సరిచూచుకొని, కరెంటు పెట్టె. ఒక్కొక్క మెట్టే ఎక్కుడు. పడుగు పోగులను మనము ఒక్కొక్కటిగా అతుకుదుము గదా. ఈ పనికిని ఆ ఓర్పే చాలును.